పన్నెండు గోతులు

మా నాన్న దగ్గర ఒక పీచుతాడు ఉండేది. మా కొబ్బరికాయల పీచుతో ఆయనే పేనుకున్నారు. దానికి రెండు ముళ్ళు. ఒక ముడి నుంచి ఇంకో ముడికి సరిగ్గా 25 అడుగులు. కొబ్బరి మొక్కకీ మొక్కకీ మధ్య ఉండాల్సిన ఎడం అది. 1984లో మా తోట వేసినప్పుడు ఆ తాడు ఒక కొస ఆయన చేతిలో, రెండో కొస నా చేతిలో. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. "బిగించి పట్టుకోరా, నువ్వు వదులు చేస్తే చెట్లు పెద్దయ్యాక కొట్టుకుంటాయి" అన్నారు. చెట్లు ఎలా కొట్టుకుంటాయో నాకు అర్థం కాలేదు గానీ, అరచేతులు మండేదాకా లాగి పట్టుకున్నాను.

ముప్పై అయిదేళ్ళ తర్వాత, 2019 మార్చిలో, హోళీ వెళ్ళిన ఆదివారం నాడు ఆ తాడు మళ్ళీ అటక మీంచి దిగింది. ఆ ఒక్క రోజు గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఇన్నాళ్ళూ కుదరలేదు. కుదరలేదు అనడం కన్నా, నాన్న గురించి రాయాల్సి వస్తుందని వాయిదా వేశాను అనడమే నిజం.

మాది శ్రీకాకుళం జిల్లా సోంపేట మండలంలో, బారువకి రెండు మైళ్ళ ఇవతల చిన్న ఊరు. ఇచ్ఛాపురం నుంచి వజ్రపుకొత్తూరు దాకా సముద్రం వెంబడి ఉన్న ఈ నేలని ఉద్దానం అంటారు. ఉద్యానవనం అన్న మాటే జనం నోట్లో నలిగి ఉద్దానం అయిందని మా పెద్దలు చెప్పేవారు. ఒకప్పుడు ఆ పేరు గురించి ఎవరికీ ఏమీ వివరించక్కర్లేదు. రైలు పలాస దాటి కంచిలి వైపు వస్తుంటే కిటికీలోంచి చూస్తే చాలు. పైన కొబ్బరి మట్టలు, వాటి కింద జీడిమామిడి, దొడ్లలో పనస, మధ్య మధ్య మామిడి, మునగ. పడమట దూరంగా నీలంగా మహేంద్రగిరి. ఎండ నేలకి దిగడానికి కూడా దారి వెతుక్కోవాల్సినంత చిక్కని నీడ.

2018 అక్టోబర్ 11న, నవరాత్రుల్లో రెండో రోజు తెల్లవారుజామున, తిత్లీ తుపాను ఆ నీడని తీసుకుపోయింది.

అప్పుడు నేను విశాఖపట్నంలో ఉన్నాను. ఫోన్లు పనిచేయలేదు. మూడో రోజుకి గానీ ఊరు చేరలేకపోయాను. చివరి నాలుగు మైళ్ళు నడిచాను. రోడ్డు మీద పడిన చెట్లని రంపం మిషన్లతో కోస్తున్నారు. మా వీధి మొదట్లో నిలబడితే సముద్రం కనిపించింది. పుట్టి బుద్ధెరిగాక మా వీధిలోంచి నేను ఎప్పుడూ సముద్రం చూడలేదు. వినేవాళ్ళం, అంతే. ఆ చూపు నన్ను భయపెట్టినంతగా పడిపోయిన ఇళ్ళు కూడా భయపెట్టలేదు.

మా తోటలో నలభై ఆరు కొబ్బరి చెట్లు ఉండేవి. ఇరవై ఏడు ఆ రాత్రే పోయాయి. మిగిలినవాటిలో కూడా కొన్నిటికి మొవ్వు, అంటే నడినెత్తిన ఉండే చిగురు, విరిగింది. కొబ్బరి చెట్టుకి మొవ్వే ప్రాణం. కొమ్మ విరిగితే మామిడి చిగురేస్తుంది, పక్కకి ఒరిగిపోయిన జీడి చెట్టు కూడా పడినచోటే మళ్ళీ లేస్తుంది. కొబ్బరికి ఆ అవకాశం లేదు. మొవ్వు పోయిన చెట్టు రెండు మూడు నెలలు పచ్చగానే నిలబడి, నెమ్మదిగా ఒక్కో మట్టా దించుకుని మోడైపోతుంది. సంక్రాంతికి వెళ్ళేసరికి అలాంటివి ఇంకో ఎనిమిది లెక్కకొచ్చాయి. పదకొండే మిగిలాయి.

నాన్న వాటి గురించి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. అప్పటికే ఆయనకి వారానికి రెండుసార్లు డయాలసిస్. మా వైపు క్రియాటినిన్ అనే మాట పలక పట్టని ముసలమ్మకి కూడా తెలుసు. ఇంటికొకరు కాకపోతే వీధికి నలుగురు. ఈ కిడ్నీ జబ్బు మా ఉద్దానానికే ఎందుకింత పట్టిందో ఇప్పటికీ ఎవరూ ఇదీ అని తేల్చి చెప్పలేదు. ఏళ్ళ తరబడి నీళ్ళు పరీక్షకి పట్టుకెళ్ళారు, రక్తం పట్టుకెళ్ళారు. ఆటో ఎక్కి వెళ్ళి, మధ్యాహ్నానికి నీరసంగా వచ్చి, పనసచెట్టు కింద నులకమంచం మీద పడుకునేవారు నాన్న. అక్కడి నుంచి మోళ్ళు కనిపించేవి. మంచం అటు తిప్పమంటావా అని అమ్మ అడిగితే వద్దనేవారు.

ఆయన చేసిన పని ఒకటి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. తుపాను వెళ్ళిన నెలకి, నిలబడిన చెట్లలో కాపు బాగున్న మూడిటిని గుర్తుపెట్టి, వాటి నుంచి ముదురు కాయలు ముప్పై దింపించి, పనసచెట్టు నీడలో ఇసుకలో అడ్డంగా పాతించారు. రోజూ నీళ్ళు అమ్మే పోసేది. ఫిబ్రవరిలో నేను వెళ్ళేసరికి పంతొమ్మిది మొలకెత్తి, ఒక్కోటీ రెండేసి ఆకులతో చిలకముక్కుల్లా నిలబడి ఉన్నాయి. "అంత గాలికి ఆగిన చెట్టు పిల్లలురా ఇవి" అన్నారు నాన్న. తుపాను తర్వాత చెట్ల గురించి ఆయన నాతో అన్న మొదటి మాట అది. కాసేపాగి, "గోతులు ఎండాకాలమే తియ్యాలి. ఎండ తగిలితేనే మట్టిలో చీడ చస్తుంది. వానలు పడ్డాక పెడదాం" అన్నారు.

కూలీలు దొరకడం లేదు. ఉద్దానమంతా అదే పని మీద ఉంది. కొందరేమో తోట మీద ఆశ వదిలేసి హైదరాబాద్‌కో చెన్నైకో వెళ్ళిపోయారు. నేను ఫోన్లో ఆ మాట అనగానే మాస్టారు, "మేం లేమేంట్రా?" అన్నాడు.

మేం నలుగురం. సోంపేటలో హైస్కూల్ చదువు కలిసి చదివాం. మాస్టారు నిజంగానే మాస్టారు, పక్క మండలంలో లెక్కలు చెబుతాడు. సావుకారు కాశీబుగ్గలో జీడిపిక్కల వ్యాపారంలో ఉన్నాడు. మా సొంత పిక్క తగ్గిపోయి ఆఫ్రికా పిక్క మీద ఆధారపడాల్సి వస్తోందని ఎప్పుడూ వాడి బాధ. నాలుగోవాడు సరంగు. బారువ దగ్గర చేపలవాళ్ళ పేటలో పుట్టాడు, పదో తరగతి తర్వాత గుజరాత్ వెళ్ళి వేరావల్‌లో బోట్ల మీద చాలా సీజన్లు చేశాడు. తిరిగొచ్చి సొంతంగా తెప్ప, వల కొనుక్కున్నాడు. ఆ తెప్పని తిత్లీ రెండు ముక్కలు చేసింది. వాడి గోడు వాడికుండగా, మా తోటలో గోతులు తియ్యడానికి అందరికన్నా ముందు వచ్చింది వాడే.

ఆ రోజు తెల్లారి అయిదున్నరకే సైకిల్ బెల్లు మోగించాడు. చేతిలో సొంత గునపం. వెనక కేరియర్‌కి తామరాకులో చుట్టిన ఎండు నెత్తళ్ళు. "పిన్నీ, ఇవి మధ్యాహ్నానికి" అని అమ్మ చేతికిచ్చి, తిన్నగా నాన్న మంచం దగ్గరికి వెళ్ళాడు. "బాబాయ్, ఎక్కడ మొదలెట్టాలో చెప్పు."

నాన్న అప్పటికే లేచి కూర్చుని ఉన్నారు. ఒళ్ళో పీచుతాడు.

నేను ఊహించింది వేరు. ఆయన మంచం మీద నుంచే చెబుతారు, మేం చేస్తాం అనుకున్నాను. ఆయన కర్ర పట్టుకుని లేచి, నెమ్మదిగా తోట ఈశాన్య మూలకి నడిచి, తాడు ఒక కొస నా చేతిలో పెట్టారు. ఎనిమిదేళ్ళప్పుడు ఎలా ఇచ్చారో అలాగే, ముడి నా బొటనవేలి కిందికి వచ్చేలా. "బిగించి పట్టుకో." నాకు నలభై మూడేళ్ళు. గొంతు పెగల్లేదు. పట్టుకున్నాను. సరంగు రెండో కొస దగ్గర మేకు దించాడు. అలా వరసకి నాలుగు చొప్పున, మూడు వరసలు గీశాం. మిగిలిన ఏడు మొక్కలకీ పడమటి గట్టు వైపు చోటుంది, అవి తర్వాత చూసుకోవచ్చన్నారు. ఆ కాస్త నడకకే ఆయనకి ఆయాసం వచ్చింది. సావుకారు చెయ్యి అందించబోతే వద్దని, తనే వెళ్ళి మంచం మీద కూర్చున్నారు.

గొయ్యి అంటే మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, మూడడుగుల లోతు. చెప్పడానికి ఎంత తేలికో. మాది ఇసుక కలిసిన నేల, పై అడుగు హాయిగా వస్తుంది. రెండో అడుగు నుంచి పాత చెట్ల వేళ్ళు. కొబ్బరి వేరు లావుండదు, చిటికెనవేలంత. కానీ వేల వేళ్ళు ఒకదాన్నొకటి పెనవేసుకుని చాపలా ఉంటాయి. ముప్పై అయిదేళ్ళ కింద నాన్న పెట్టిన చెట్ల వేళ్ళు. చెట్టు పోయి అయిదు నెలలైనా కొన్ని ఇంకా లోపల తడిగా, ఎర్రగా ఉన్నాయి. గునపం వేస్తే పీచు చీరుకున్న శబ్దం వచ్చేది. మొదటి గొయ్యి దగ్గర మేం నలుగురం పెద్దగా మాట్లాడుకోలేదు. ఒకడు తవ్వడం, ఒకడు పారతో ఎత్తడం, ఒకడు తట్ట మొయ్యడం, ఒకడు వేళ్ళు కత్తితో కొయ్యడం. తుపాను తర్వాత మేం కలుసుకున్న ప్రతిసారీ నష్టపరిహారం, లిస్టులో పేరు, ఎన్ని చెట్లు రాశారు, ఇవే మాటలు. ఆ పొద్దున మాత్రం ఆ మాటలు ఎవరూ ఎత్తలేదు. ఊపిరి చప్పుడు, గునపం చప్పుడు, మామిడి మీద కోయిల. తెరిపిగా ఉండింది.

పై మట్టి ఒక పక్క, కింది మట్టి ఇంకో పక్క కుప్ప పెట్టమన్నారు నాన్న. రేపు నింపేటప్పుడు పై మట్టి అడుగుకి వెళ్ళాలి. దానిలోనే సారం ఉంటుంది. అడుగున కొబ్బరి డొక్కలు బోర్లా కాకుండా వెల్లకిలా పరచాలి, అప్పుడే నీళ్ళు పట్టి ఉంచుతాయి. వాటి మీద బూడిద, పశువుల గెత్తం, కాస్త కల్లుప్పు. ఇవన్నీ ఆయన మంచం మీద నుంచి ఒక్కొక్కటే, తొందర లేకుండా చెబుతుంటే మాస్టారు జేబులో ఉన్న ఎలక్షన్ డ్యూటీ ట్రైనింగ్ కాగితం తీసి, దాని వెనక రాసుకున్నాడు. ఏప్రిల్ 11న పోలింగ్. రోడ్డు మీద పార్టీల ఆటోలు మైకులతో తిరుగుతూనే ఉన్నాయి. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఒకవైపు పోలింగ్ సామగ్రి జాబితా, ఇంకోవైపు మా నాన్న మాటలు.

ఎనిమిదింటికి అమ్మ చోడి అంబలి తెచ్చింది. మజ్జిగ కలిపి, ఉల్లిపాయ నంజుకుని, గట్టు మీద కూర్చుని తాగాం. ఆ తర్వాత మోళ్ళ పని. గోతుల కన్నా అదే ముఖ్యమని నాన్న పట్టుబట్టారు. కుళ్ళిన మానుల్లో కొమ్ముపురుగు గుడ్లు పెడుతుంది. పెద్దదైన పురుగు రాత్రిపూట ఎగిరి వచ్చి మొక్క మొవ్వులోకి తొలుచుకుపోతుంది. ఆ తర్వాత విచ్చుకునే ఆకు కత్తెరతో కోసినట్టు, విసనకర్ర ముక్కలా వస్తుంది. తోటలో ఒక్క కుళ్ళు మాను ఉన్నా కొత్త మొక్కలకి శత్రువుని మనం పెంచుతున్నట్టే. సరంగు గొడ్డలితో ఒక మాను చీల్చాడు. లోపల తెల్లగా, లావుగా, అర్ధచంద్రంలా ముడుచుకున్న పురుగులు, ఒక్కోటీ బొటనవేలంత. మాస్టారు లెక్కపెట్టాడు. ఆ ఒక్క మానులోనే నలభై ఒకటి. అమ్మ కోళ్ళని పిలిచింది. అంతటి విందు మా కోళ్ళు మళ్ళీ చూసి ఉండవు. చీల్చిన మానుల్నీ ఎండు మట్టల్నీ తవ్విన గోతుల్లోనే వేసి తగలబెట్టాం. చెదలు కూడా పోతాయని. పొగ నిటారుగా లేచి, సముద్రపు గాలి తగిలి మహేంద్రగిరి వైపు వంగింది.

మధ్యాహ్నం భోజనానికి కూర్చునేసరికి తొమ్మిది గోతులయ్యాయి. పనసకాయ ముక్కల కూర ఆవపెట్టి చేసింది అమ్మ. తుపానుకి మా పనసచెట్టు రెండు పెద్ద కొమ్మలు పోగొట్టుకుంది. అయినా ఆ ఏడు మానుకి అంటిపెట్టుకుని ఎప్పటికన్నా ఎక్కువ కాయలు వేసింది. సరంగు తెచ్చిన నెత్తళ్ళ వేపుడు, చారు. నాన్న కంచం వేరు. ఉడికించి నీళ్ళు వంచేసిన కూర, ఉప్పు లేదు. పక్కన చిన్న స్టీలు చెంబు. ఆ చెంబు రెండుసార్లు నింపితే ఆయనకి ఆ రోజుకి నీళ్ళైపోయినట్టే. పొద్దున్నుంచీ మేం బిందెలకి బిందెలు తాగుతున్నాం. ఆయన ఎదురుగా తాగడం నాకు కష్టంగా ఉండి చాటుకి వెళ్ళి తాగుతుంటే, ఒకసారి చూసి, "ఇక్కడే తాగరా. నువ్వు తాగుతుంటే చూడ్డం నాకు బాగుంటుంది" అన్నారు.

భోజనాలయ్యాక సరంగు ఊరికే ఉండలేక చెట్టెక్కాడు. నడుముకి కత్తి, కాళ్ళకి తాడు బందం, చూస్తుండగానే పైన ఉన్నాడు. అయిదు బొండాలు దించి, చెక్కి, అలవాటు కొద్దీ మొదటిది తీసుకెళ్ళి నాన్న చేతిలో పెట్టాడు. పెట్టిన తర్వాత గుర్తొచ్చింది వాడికి. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ. కిడ్నీలు పనిచెయ్యని మనిషికి అది విషంతో సమానం. జీవితమంతా కొబ్బరి పండించిన మా నాన్న అప్పటికి రెండేళ్ళుగా బొండాం ముట్టుకోలేదు. సరంగు ముఖం పాలిపోయింది. "బాబాయ్..." అని ఆగిపోయాడు.

నాన్న ఆ బొండాన్ని రెండు చేతులతో పట్టుకుని, చెంపకి ఆనించుకున్నారు. "ఎంత చల్లగా ఉందో." కాసేపు అలాగే ఉండి, నా వైపు చాపారు. "నువ్వు తాగి ఎలా ఉందో చెప్పు."

తాగాను. "తియ్యగా ఉంది నాన్నా. చివర్న కాస్త ఉప్పు తగులుతోంది."

"తూర్పు వరసలో చెట్టు కదా. దానికి ఎప్పుడూ అంతే" అన్నారు సంతోషంగా. నిజంగానే సంతోషంగా. ఆయన తాగినప్పుడు ముఖం ఎలా ఉండేదో నాకు తెలుసు. అదే ముఖం.

మిగిలిన మూడు గోతులు నాలుగింటికల్లా పూర్తయ్యాయి. అప్పటికి అరచేతుల్లో బొబ్బలు లేనిది సరంగుకి ఒక్కడికే. ఆఖరి గోతిలో వాడే దిగి నిలబడి చూపించాడు. అంచు వాడి నడుము దాకా వచ్చింది. సావుకారు అన్నాడు, "ఇప్పుడిలా వదిలేసి ఎవరింటికి వాళ్ళం పోతే ఏం బాగుంటుంది? ఒడ్డుకి పోదాం పదండ్రా."

చిన్నప్పుడు బారువ ఒడ్డుకి వెళ్ళే దారి మాకు కళ్ళు మూసుకున్నా తెలుసు. జీడితోటల్లోంచి, ఇసుకదిబ్బ ఎక్కి, సరుగుడు తోటలోంచి దిగితే సముద్రం. ఆ దారిలో సగం గుర్తులు లేవు. సరుగుడు చెట్లు ఒకేవైపు దువ్వినట్టు పడి ఉన్నాయి, కొన్ని చోట్ల వాటి మీదుగా దాటాల్సి వచ్చింది. కానీ జీడిచెట్లు! నేలకొరిగిన చెట్టు కొమ్మలే పైకి తిరిగి, రాగిరంగు చిగుళ్ళు వేసి, అక్కడక్కడ ఎర్రటి పండు కూడా వేలాడుతోంది, కింద పిక్కతో సహా. సావుకారు ఒక్కో చెట్టు దగ్గరా ఆగి, ఆకు తిప్పి చూసి, "ఇది బతుకుతుంది", "ఇది కూడా బతుకుతుంది" అంటూ నడిచాడు. అలా ఎన్ని చెట్లకి చెప్పాడో. మేం ఎవరం తొందరపెట్టలేదు. జీడిపండు కొరికితే గొంతు పట్టేసింది, అందరం దగ్గాం, అయినా ఇంకోటి కోసుకున్నాం.

మొగలిపొదలు దాటగానే గాలి మారింది. ఇసుక మీద ఊదారంగు పూల తీగ పాకి ఉంది. ఎర్రపీతలు మా అడుగు చప్పుడుకి బొరియల్లోకి దూరాయి. దూరంగా అలివి వల లాగుతున్నారు. రెండు పక్కలా పదిహేనేసి మంది, ఒక పాటలాంటి కేకతో. ఇంకో మూడు వారాల్లో, ఏప్రిల్ 15 నుంచి, వేట నిషేధం మొదలవుతుంది. రెండు నెలలు. ఈలోగా నాలుగు రాళ్ళు వెనకేసుకోవాలి. సరంగు పరిగెత్తుకెళ్ళి తాడు పట్టుకున్నాడు, వాడి వెనక మేమూ. బొబ్బల చేతులతో వల లాగడం అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. కవళ్ళు, కాసిని నెత్తళ్ళు పడ్డాయి. మా నలుగురికీ చెరో గుప్పెడు ఇచ్చారు. వద్దంటే ఊరుకోలేదు. తాడు పట్టినవాడికి వాటా ఇవ్వకపోతే గంగమ్మ ఒప్పుకోదట.

ఉత్తరంగా నడిచాం. మహేంద్రతనయ సముద్రంలో కలిసేచోట నీళ్ళు మోకాలి లోతే ఉన్నాయి. మహేంద్రగిరి మీద పుట్టిన ఏరు, మా పొలాల పక్కనుంచి వచ్చి ఇక్కడ ఆగుతుంది. కాళ్ళు నీళ్ళలో పెట్టి కూర్చున్నాం. అప్పుడు మాట్లాడుకున్నాం. సరంగు తెప్ప గురించి చెప్పాడు, ఆ తెల్లవారుజామున దాన్ని ఎంత పైకి లాగి కట్టాడో, ఎన్ని తాళ్ళు వేశాడో. మాస్టారు తన స్కూల్లో తుపాను తర్వాత తిరిగి రాని పిల్లల పేర్లు చెప్పాడు, తండ్రులతో వలస వెళ్ళిపోయినవాళ్ళు. నేను నాన్న గురించి చెప్పాను. డాక్టర్ చెప్పింది ఇంట్లో అమ్మకి కూడా పూర్తిగా చెప్పలేదని చెప్పాను. ఎవరూ ధైర్యం చెప్పలేదు. మాస్టారు నా భుజం మీద చెయ్యి వేసి తీయలేదు.

పొద్దుగూకాక, లైట్‌హౌస్ దీపం తిరగడం మొదలయ్యాక, వెనక్కి వస్తుంటే, వల కట్టిన చిన్న ఆవరణ దగ్గర ఒక పెద్దాయన సరంగుని కేకేశాడు. "ఒరే, ఉండండ్రా, ఇయ్యాల లేస్తాయి."

తాబేళ్ళు. ఆలివ్ రిడ్లే అంటారు వాటిని. జనవరి నుంచి మార్చి దాకా రాత్రిళ్ళు ఒడ్డుకొచ్చి గుడ్లు పెట్టిపోతాయి. కుక్కలూ నక్కలూ తినెయ్యకుండా ఆ గుడ్లు ఏరి, ఈ ఆవరణలో అదే లోతున గొయ్యి తీసి పాతుతారు. ఒక్కో గోతి దగ్గరా ఒక కర్ర, కర్రకి తారీఖు, గుడ్ల సంఖ్య. దాదాపు వందేసి. నలభై అయిదు నుంచి అరవై రోజుల్లో పిల్లలవుతాయి. ఆయన చూపించిన గోతి దగ్గర ఇసుక కాస్త కిందికి కుంగి ఉంది. లోపల పిల్లలు కదిలితే పైన ఇసుక అలా దిగుతుందట. ఫోన్లు ఆపెయ్యమన్నాడు. వెలుతురు చూస్తే అవి సముద్రం అనుకుని అటే పోతాయి.

ముందు ఒక ముక్కు. తర్వాత ఇసుకంతా ఉడుకుతున్నట్టు కదిలింది. అరచేతిలో సగం కూడా లేని నల్లటి పిల్లలు, ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ బయటికి వచ్చాయి. వాటిని బుట్టలో ఎత్తి, నీళ్ళకి ఇరవై అడుగుల ఇవతల ఇసుక మీద వదిలాడు. "నీళ్ళలో వెయ్యకూడదు. నడిచి పోవాల. ఈ ఇసక ఆటికి గురుతుండాల" అన్నాడు. చిన్న చక్రాల బళ్ళలా రెండు పక్కలా గీతలు గీస్తూ నడిచాయి. మొదటి అల వచ్చి కొన్నిటిని తీసుకుపోయి, కొన్నిటిని వెల్లకిలా తిప్పి వెనక్కి నెట్టింది. అవి మళ్ళీ నిటారై మళ్ళీ అటే నడిచాయి.

సరంగు మెల్లిగా చెప్పాడు. తల్లి తాబేలు గుడ్లు పెట్టాక గొయ్యి పూడ్చి, ఆ తర్వాత ఒంటితో అటూ ఇటూ ఊగుతూ దబదబా ఇసుకని అదిమి గట్టి చేస్తుంది. చిన్నప్పుడు వాళ్ళ తాతతో వెళ్ళి చూశాడట. "మీ నాన్న మొక్క పెట్టాక మడమతో చుట్టూ తొక్కుతాడే, అచ్చం అలాగేరా" అన్నాడు. నాకు 1984 గుర్తొచ్చింది. ఆ మడమ గుర్తొచ్చింది.

ఇల్లు చేరేసరికి తొమ్మిది దాటింది. నాన్న మెలకువగానే ఉన్నారు. కవళ్ళు అమ్మకిచ్చి ఆయన పక్కన కూర్చుని తాబేళ్ళ సంగతి చెప్పాను. "ఎన్ని లేచాయి?" అని అడిగారు. నూట నాలుగు అని చెప్పాను, కర్ర మీద నూట పదిహేను రాసి ఉంది. "పర్లేదు, మన ఇసుకలో మొలిచినవాటికన్నా నయమే" అన్నారు. ముప్పైలో పంతొమ్మిది. ఆయన ఎప్పుడూ లెక్క మర్చిపోరు.

ఆగస్టులో వానలు కుదురుకున్నాక మొక్కలు పెట్టాం. మిగిలిన ఏడు గోతులు అప్పటికి కూలీలు తీశారు. నాన్న ప్రతి మొక్క దగ్గరికీ కుర్చీ వేయించుకుని వచ్చారు. మొదటి మొక్కకి చుట్టూ తనే మడమతో తొక్కారు, మిగిలినవి నాచేత తొక్కించారు. 2022 జనవరిలో, సంక్రాంతికి వారం ముందు ఆయన వెళ్ళిపోయారు. అప్పటికి మొక్కలు ఆయన ఎత్తు దాటాయి.

పన్నెండులో రెండిటిని కొమ్ముపురుగు తీసుకుంది. ఒకదాని చోట మళ్ళీ పెట్టాం. మిగిలినవాటికి ఇప్పటికీ పేర్లు లేవు, గోతి నంబర్లే. మాస్టారు కాగితం మీద వేసిన నంబర్లు. ఏడో గొయ్యి కాస్త వంగింది, పదో గోతికి వేపపిండీ ఇసుకా వెయ్యాలి, ఇలా మాట్లాడుకుంటాం. కొత్తగా వినేవాళ్ళకి వింతగా ఉంటుంది.

ఈ మాఘంలో అమ్మ ఫోన్ చేసింది. "మూడో గోతిది పొత్తు వేసిందిరా." పొత్తంటే కొబ్బరి పూతగెల. నేను బండి పక్కకి ఆపాను. ఆమె వెంటనే, "ఎక్కువ ఆశపడకు, మొదటి పొత్తు నిలవదు, పిందెలు రాలిపోతాయి. రెండోది వచ్చేదాకా చూడాలి. మీ నాన్న ఎప్పుడూ అదే చెప్పేవారు" అంది. రెండోది కూడా వేసిందని పోయిన వారం చెప్పింది. దానికి నాలుగు పిందెలు గట్టిగానే ఉన్నాయట. నిలిస్తే దసరాకి లేత బొండాలవుతాయి.

ముగ్గురికీ ఆ రాత్రే చెప్పాను. దసరాకి అందరం ఊళ్ళో ఉండాలని మాస్టారు అప్పుడే తీర్మానం చేశాడు. నీళ్ళు ఎలా ఉంటాయని సావుకారు అడిగాడు. ఉప్పు తగులుతుంది, పందెం కాస్తావా అన్నాడు సరంగు. మూడో గొయ్యి తూర్పు వరసలోదే.